బండి నీడలో ఇద్దరు

నాకు కోపం ఎక్కువ. అందులోనూ గుంపును చూస్తే మరీ ఎక్కువ. పదిమంది నా చుట్టూ చేరి తలా ఒక మాట అడిగితే మొహం మాడ్చుకునే మనిషిని. అలాంటివాణ్ణి ఏరి కోరి గుంపుల మధ్య నిలబడే ఉద్యోగంలో వేశారు. టీవీ చానల్ వాళ్ళ ఓబీ బండిలో ఇంజనీరు పని. నెత్తి మీద పెద్ద డిష్ ఉండే వ్యాన్ అది. రిపోర్టర్ రోడ్డు మీద నిలబడి మాట్లాడుతుంటే ఆ బొమ్మనూ మాటనూ ఉపగ్రహానికి పంపాలి. అక్కడి నుంచి హైదరాబాద్‌లో అందుకుంటారు.

ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఈ మూడూ నా పరిధి. ఒకరోజు బంద్, ఒకరోజు ధర్నా, మరుసటి రోజు రోడ్డు మీద వంటావార్పు. పుట్టి పెరిగింది మిర్యాలగూడలో, మా నాన్న అక్కడ రైస్ మిల్లులో ఫిట్టరు. అయితే సరిహద్దు దగ్గర ఏం జరిగినా ముందు మనమే చూపించాలని ఆఫీసు వాళ్ళు బండిని కోదాడలో నిలపమన్నారు. అందుకే కోదాడలో ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నాను. మా ఆవిడది కూడా ఆ పక్క ఊరే కాబట్టి ఆమె సంతోషించింది.

ఉద్యోగంలో చేరినప్పుడు హైదరాబాద్‌లో కొన్నాళ్ళు నేర్పించారు. డిష్ నుంచి వెళ్ళేది టార్చిలైటు వెలుగు లాంటిదని, చూసే దిక్కుకే పోతుందని చెప్పారు. ఎదురుగా, దగ్గరగా వెళ్తే ఒంట్లో వేడి పుడుతుంది, కళ్ళకు దెబ్బ. డిష్ వెనకా, బండి కిందా, పక్కనా దాదాపు ఏమీ ఉండదు. రేడియేషన్ కొలిచే మీటర్ ఒకటి చేతికిచ్చి నాతోనే కొలిపించారు. బండి పైన డిష్ ముందుకు చాపితే అది కీచుమని అరిచింది. కిందికి దిగి బండి గోడకు ఆనించి పెడితే ముల్లు కదిలీ కదలనట్టు ఉంది. ఆ రోజు నా కళ్ళతో చూశాను. ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత నేను చేసిన పనికి తెలియకపోవడం అనే సాకు లేదు.

పాటించాల్సినవి కూడా చెప్పారు. బండి పైకి ఎవరు ఎక్కాలన్నా ముందు పవర్ ఆపాలి. చుట్టూ తాడు కట్టి జనాన్ని దూరం ఉంచాలి. హెచ్చరిక బోర్డు పెట్టాలి. బోర్డు ఇంగ్లీషులో ఉండేది, చదివినవాణ్ణి నేను చూడలేదు. తాడేమో కట్టడానికి పావుగంట, విప్పడానికి పావుగంట. అంతలో రిపోర్టర్ ఫోన్ మీద ఫోన్. రెండు నెలలు కట్టాను. తర్వాత ఆ తాడుతో మా డ్రైవరన్న స్టెప్నీ కట్టుకున్నాడు.

తాడు బదులు నాకొక మాట దొరికింది. కోదాడ బస్టాండ్ దగ్గర మొదటిసారి వాడాను. కుర్రకారు బండికి ఆనుకుని కబుర్లు చెప్పుకుంటుంటే, విసుగొచ్చి, "బాబూ, ఇది రేడియేషన్. దీన్ని ఆనుకుంటే పిల్లలు పుట్టరు" అన్నాను. ఎవరో కర్రతో అదిలించినట్టు అందరూ అటూ ఇటూ జరిగారు. డ్రైవరన్న పగలబడి నవ్వాడు. "సార్, గిన్ని దినాలు ఈ మంత్రం యాడ దాసినవ్?" అన్నాడు.

ఆ మంత్రం అప్పటి నుంచి ప్రతిచోటా చదివాను. సిగ్గులేకుండా, పైగా కాస్త గర్వంగా. మాట చెప్పగానే పెద్దవాళ్ళు కూడా దండం పెట్టి దూరం జరుగుతుంటే, చదువుకున్న చదువుకు ఇన్నాళ్ళకు గౌరవం దొరికిందనిపించేది.

రెండువేల పదకొండు ఎండాకాలంలో సూర్యాపేట అవతల హైవే మీద రాస్తారోకో జరిగింది. ఆ రోజు గొర్రెలు కాసే కుటుంబాలు మందలతో సహా వచ్చి రోడ్డు మీద కూర్చున్నాయి. రెండు వైపులా కనుచూపు మేర లారీలు ఆగిపోయాయి. తారు కాలుతోంది. గొర్రెలు నీడ వెతుక్కుంటూ వచ్చి నా బండి పక్కన పడుకున్నాయి, ఎందుకంటే జనం కూర్చున్న మేరకు ఉన్న నీడ అదొక్కటే. ఒక పెద్దామె, ఆమె కోడలు కూడా వెనక చక్రానికి ఆనుకుని కూర్చున్నారు. కోడలికి పాతికేళ్ళుంటాయేమో. మంచినీళ్ళున్నాయా సారూ అని అడిగితే సీసా ఇచ్చాను. వాళ్ళు అలా మూడు గంటలు కూర్చున్నారు.

లైవ్ నడుస్తుండగా నలుగురు యువకులు జెండా పట్టుకుని బండి వెనక నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టారు. ఇది మాత్రం నిజమైన ప్రమాదం. పైకి వెళ్తే డిష్ ముందుకే వెళ్తారు. నేను చేయాల్సింది ఒక్కటే, మీట నొక్కి పవర్ ఆపడం. ఆపితే తెర మీద బొమ్మ పోతుంది, హైదరాబాద్ నుంచి తిట్లు పడతాయి. నేను ఆపలేదు. పక్కనే ఉన్న ధర్నా మైకు గుంజుకుని అరిచాను.

"గిది రేడియేషన్ బండి. పైకెక్కితే సంసారానికి పనికిరారు. దీని నీడల కూసున్నా సరే, ఆడోళ్లకు కడుపు నిలువది."

యువకులు నవ్వుకుంటూ దిగిపోయారు. బండి నీడ ఒక్క నిమిషంలో ఖాళీ అయింది. అందరికంటే చివర ఆ కోడలు లేచింది. అత్త భుజం పట్టుకుని లేచి, నా వైపు ఒకసారి చూసి, ఎండలోకి నడిచింది. ఆ చూపు నాకు కనబడింది. హమ్మయ్య, జాగా ఖాళీ అయింది అనుకున్నాను. ఆ సాయంత్రం పోలీసులు వచ్చి జనాన్ని తరిమితే మందలు కూడా చెల్లాచెదురుగా ఉరికాయి. మేం బండి సర్దుకుని వెళ్ళిపోయాం.

మూడు వారాల తర్వాత మిర్యాలగూడలో మిల్లు కార్మికుల ఊరేగింపు చూపిస్తున్నాం. భుజాన తువ్వాలు వేసుకున్న ఒకతను వచ్చి బండికి పది గజాల దూరంలో నిలబడ్డాడు. ఎంతకూ దగ్గరికి రాడు, పోడు. నేనే వెళ్ళి ఏం కావాలని అడిగాను.

"సారు, సూర్యాపేట కాడ రాస్తారోకోల నువ్వే గదా మైకుల చెప్పింది?" అన్నాడు. "నా పెండ్లాం గా దినం మీ బండి నీడల కూసున్నది. మూడో నెల. పెండ్లయిన ఆరేండ్లకు నీళ్లు వోసుకున్నది."

అతను చెప్పుకుంటూ పోయాడు. రాస్తారోకో అయిన నాలుగోరోజు వాళ్ళ మందలో ఒక సూడి గొర్రె ఈసుకపోయింది. అంటే నెల నిండకుండానే పిల్లను వేసేసింది. వారం తిరగకముందే ఇంకొకటి. మందలో ప్రతి గొర్రెనూ అతను మొహం చూసి గుర్తుపడతాడు. ఆ రెండూ బండి నీడకు పండుకున్నవే. ఎండలో నిలబడ్డవన్నీ బాగానే ఉన్నాయి. వాళ్ళమ్మ ఈ లెక్క చూసి, కోడలి కడుపులో ఉన్నది కూడా అవిటిదై పుడుతుందని, నెలలు ముదరకముందే తీయించాలని పట్టుబట్టింది. ఎల్లుండి సూర్యాపేట దవాఖానకు వెళ్తున్నారు.

"నువ్వు సదువుకున్నోనివి. నిజం చెప్పు సారు. ఏమన్న అయితదా?"

ఒక్క మాట చెప్తే సరిపోయేది. అబద్ధం చెప్పాను తమ్ముడూ, జనాన్ని జరపడానికి చెప్పాను, అని. కానీ చుట్టూ యాభైమంది ఉన్నారు. వాళ్ళందరికీ ఆ పొద్దునే అదే మంత్రం చదివాను. డ్రైవరన్న చూస్తున్నాడు, రిపోర్టర్ వింటున్నాడు. నేను గొంతు సవరించుకుని, "గంత ఏం కాదులే. అయినా దవాఖానల డాక్టర్‌ను అడుగున్రి" అన్నాను. అతను ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టు కాసేపు నిలబడ్డాడు. తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు.

రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. అప్పుడు మా ఆవిడకు ఐదో నెల. ఆమె నా ఎదురుగా కూర్చుని పొట్ట మీద పళ్ళెం పెట్టుకుని తింటుంటే తలెత్తి చూడలేకపోయాను. ఒంట్లో బాగాలేదా అని అడిగింది. ఎండ దెబ్బ అన్నాను.

ఆ మూడోరోజు సూర్యాపేటలో దీక్షా శిబిరం దగ్గర మాకు పన్నెండింటికి లైవ్ ఉంది. శిబిరం దవాఖాన గేటుకు ఎదురుగానే. బండి అక్కడ పెట్టించి నేరుగా లోపలికి వెళ్ళాను. ముగ్గురూ చీటీ పట్టుకుని బెంచీ మీద ఉన్నారు. కోడలు గోడవైపు తిరిగి కూర్చుంది.

వాళ్ళ ముందు నిలబడి మొత్తం చెప్పాను. అదంతా అబద్ధమని చెప్పాను. డిష్ ముందు తప్ప ఎక్కడా ప్రమాదం లేదని, మీటర్ పెట్టి నేనే కొలిచానని చెప్పాను. గొర్రెల సంగతి కూడా రెండు రోజులుగా ఆలోచించాను కాబట్టి చెప్పాను. "అవ్వా, ఎండకు ఆగలేనివే నీడకొచ్చినయ్. బరువు మీదున్నయే అలిసిపోయి పండుకున్నయ్. ఎనక పోలీసోళ్లు తరిమిన్రు. గందుకే ఈసుకపోయినయ్ గని బండితోని కాదు."

పెద్దామె శ్రద్ధగానే విన్నది. "మాట మంచిగనే ఉన్నది బిడ్డా," అంది. "గని గప్పుడు చెప్పింది అబద్ధమా, గిప్పుడు చెప్పేది అబద్ధమా, మాకెట్ల ఎర్కైతది? నీ కంపెనీకి పేరు పోతదని చెప్తున్నవేమో."

మంత్రం చదివినప్పుడు వందమంది నమ్మారు. నిజం చెప్పినప్పుడు ముగ్గురు నమ్మలేదు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

అప్పుడు కోడలు ఇటు తిరిగింది. "సారు, మీకు పిల్లలున్నరా?"

"లేరమ్మా. మా ఇంటామెకు ఐదో నెల."

"గట్లయితే ఆమెను తోలుకొచ్చి గా బండి నీడల కూసోవెట్టు. నేను గూడ పక్కన కూసుంట. గప్పుడు నమ్ముత."

ఇప్పుడు రాస్తున్నా చెంపలు వేడెక్కుతున్నాయి. వెంటనే సరే అనాల్సింది. అనలేకపోయాను. ముల్లు కదలకపోవడం నా కళ్ళతో చూసినవాణ్ణి, అయినా చీటీ వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె నా మొహంలోకి చూసి, మళ్ళీ గోడవైపు తిరిగింది. ఆమెకు కావలసిన జవాబు దొరికిపోయింది. అతనన్నాడు, "ఇగ పో సారు నువ్వు."

బయటికొచ్చి మా ఆవిడకు ఫోన్ చేశాను. ఏం అడగాలని చేశానో నాకే తెలియదు. గొంతు విని ఏదో అయిందని పసిగట్టి, గుచ్చి గుచ్చి అడిగి అంతా లాగింది. తర్వాత అంది, "మీరు చెప్పింది అబద్ధమే కదా? నిజంగా ఏమీ కాదు కదా?"

"ఏమీ కాదు."

"అయితే వస్తున్నాను. వాళ్ళను లోపలికి వెళ్ళనివ్వకండి."

గంటన్నరలో బస్సు దిగింది. అప్పటికి వాళ్ళ వంతు ఇంకా రాలేదు. ఎండకు మొహం ఎర్రగా కందిపోయింది. నన్ను పలకరించనైనా లేదు, నేరుగా దవాఖానలోకి వెళ్ళింది. ఏం మాట్లాడిందో గాని, కోడలి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. వెనకాల పెద్దామె, కొడుకు. ఇద్దరాడవాళ్ళూ వెనక చక్రానికి ఆనుకుని, ఆ రోజు కూర్చున్నట్టే కూర్చున్నారు. మిగతా ఇద్దరూ ఎదురుగా నిలబడ్డారు.

"బండి నడుస్తున్నట్టు మాకెట్ల తెల్వాలె?" అని పెద్దామె అడిగింది.

"జనరేటర్ సప్పుడు ఇనొస్తలేదా అవ్వా?" అన్నాను. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

జనరేటర్ చప్పుడుకూ డిష్ నుంచి తరంగాలు వెళ్ళడానికీ సంబంధం లేదు. జనరేటర్ పొద్దుటి నుంచీ నడుస్తూనే ఉంది. తరంగాలు పోవాలంటే హైదరాబాద్ నుంచి అనుమతి రావాలి, నేను పవర్ మీట నొక్కాలి. పన్నెండు కావస్తోంది. ఫోన్‌లో అటువైపు ఆపరేటర్, "రెడీ సార్, పంపండి" అన్నాడు. మీట మీద వేలు పెట్టాను. గోడకు అవతల మా ఆవిడ నవ్వు వినిపిస్తోంది. మీటర్ గుర్తొచ్చింది. ముల్లు గుర్తొచ్చింది. పాఠం మొత్తం అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

నొక్కలేదు.

"యాంప్లిఫయర్ ట్రిప్ అయింది, రెండు నిమిషాలు" అన్నాను ఫోన్‌లో. రెండు నిమిషాలు పది అయ్యాయి. బులెటిన్‌లో సూర్యాపేట లేకుండా పోయింది. శిబిరం దగ్గర నుంచి రిపోర్టర్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. నేను ఏసీ గాలిలో చెమటలు కక్కుతూ, తెర మీద ఏమీ లేని నలుపును చూస్తూ కూర్చున్నాను. మూడు గంటలు ఒక ఆడమనిషి అదే జాగాలో కూర్చుని ఉండగా ఈ వేలు ఎన్నిసార్లు నొక్కింది! ఒక్కసారి కూడా వణకలేదు. ఆనాడు నాకు ప్రమాదం లేదన్న సంగతి గుర్తొచ్చి వణకలేదా అంటే, అదీ కాదు. అసలు ఆమె ఉందన్న ఆలోచనే లేదు.

అరగంటకు తలుపు తీశాను. మా ఆవిడ బస్టాండ్‌లో కొన్న మామిడికాయ ముక్కలు ఇద్దరూ ఉప్పుకారం అద్దుకుని తింటున్నారు. "ఐదో నెలల గూడ వాంతులైతయా అక్కా?" అని కోడలు అడుగుతోంది. పెద్దామె వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. నా వైపు తిరిగి, "పెండ్లాన్ని కూసోవెట్టినవంటే అబద్ధం కాదు బిడ్డా" అంది. కోడలు లేచి చీర దులుపుకుంది. "ఇగ ఇంటికి పోదం అత్తా" అంది. చేతిలో ఉన్న చీటీని ఆమె అక్కడే చింపేసింది.

మాకు పాప పుట్టింది. రెండు నెలల తర్వాత వాళ్ళకు బాబు. ఇద్దరూ బాగున్నారు. బాబును ఎత్తుకుని కోదాడ వచ్చినప్పుడు మా పాపకు వాళ్ళ చేత్తో నేసిన చిన్న గొంగడి తెచ్చారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఇచ్చారు. ఆ దంపతులు నా ముందు నేల మీద కూర్చున్నారు, పైకి కూర్చోమన్నా వినలేదు. ఆ పావుగంట నేను ఎలా గడిపానో చెప్పలేను. దొంగసొమ్ము చేతిలో పెట్టి మెచ్చుకుంటున్నట్టు ఉండింది.

ఆ దవాఖాన రోజు మర్నాటి నుంచే తాడు కట్టడం మొదలుపెట్టాను, తెలుగులో బోర్డు రాయించాను. బండి పైకి ఎవరైనా కాలు పెడితే లైవ్ మధ్యలో కూడా పవర్ ఆపేశాను, తిట్లు తిన్నాను. ఇవన్నీ చెప్పుకోవడానికి బాగుంటాయి. కానీ ఆమె తన బిడ్డను ఉంచుకున్నది నా నిజాన్ని నమ్మి కాదు, నా రెండో అబద్ధాన్ని నమ్మి. మంచే జరిగింది కదా అని మనసును ఎన్నిసార్లు బుజ్జగించినా అది మాట వినదు.

రెండువేల పద్నాలుగులో ఆ ఉద్యోగం మానేశాను. మా ఆవిడ మాత్రం ఆ కథ మానలేదు. నేను మీట నొక్కలేదని ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ పేరంటానికి వెళ్ళినా చెబుతుంది. మొన్న మిర్యాలగూడలో మా అక్క ఇంట్లో కూడా చెప్పింది. అంతా విని మా అక్క, "నీకు భయం కాలేదానే?" అని అడిగింది.

"కాకపోవడమేంటి వదినా, చచ్చేంత భయమేసింది," అంది మా ఆవిడ. "ఆ అమ్మాయికి కనబడకూడదని గట్టిగా నవ్వాను. లోపల ఈయన ఉన్నారు కదా, ఏమన్నా అయ్యేదుంటే ఈయన ఆ మీట నొక్కుతారా అనుకుని ధైర్యం చేశాను."

నా చేతిలో టీ కప్పు ఉంది. దాన్ని కింద పెట్టి, బయటికి వెళ్ళి, వాళ్ళు పిలిచేదాకా మెట్ల మీద కూర్చున్నాను.